ఏడు మార్కుల అందం

మల్లంపూడి జిల్లా ఆస్పత్రిలో లేజరు యంత్రానికి గుమాస్తాని నేనే. యంత్రానికి డాక్టరు ఉంటారు గాని గుమాస్తా ఏమిటని మీరు అడగవచ్చు. డాక్టరు యంత్రాన్ని వాడటానికి, గుమాస్తా దాన్ని వాడకుండా చూడటానికి. మొదటి రెండేళ్లూ డాక్టరుగారికి పని లేదు, నాకు మాత్రం ఊపిరి సలపలేదు.

చర్మం మీద మచ్చలు, గుంటలు బాగుచేసే ఆ యంత్రం వచ్చిన రోజున కొబ్బరికాయ కొట్టారు, రిబ్బను కత్తిరించారు, అందరికీ బూందీ పొట్లాలు పంచారు. యంత్రంతోపాటు పైనుంచి ఒక ఉత్తర్వు కూడా వచ్చింది. "సదరు యంత్రమును, తత్సంబంధిత సమస్త చికిత్సలను పూర్వస్థితి పునరుద్ధరణ నిమిత్తము మాత్రమే వినియోగించవలెను. సౌందర్యాభివృద్ధి నిమిత్తము వినియోగించుట నిషిద్ధము." అంటే పోయిన ముఖం తిరిగి తెచ్చుకోవచ్చు గాని, ప్రభుత్వం వారి కరెంటు కాల్చి ఎవరూ కొత్తగా అందగత్తెలు కాకూడదు. ఇందులో నాకు తప్పేమీ కనబడలేదు. అందం మొదలైతే ఎక్కడ ఆగుతుందో ఎవరికి తెలుసు.

ఉత్తర్వుకి తగ్గట్టు దరఖాస్తు ఫారం తయారుచేసింది కూడా నేనే. దాంట్లో ఏడో గడి నా ప్రాణం. "చికిత్స వలన దరఖాస్తుదారు అందము పెరుగునా?" పెరుగుతుంది అని రాసినవాళ్లని సౌందర్యాభివృద్ధి కింద తిప్పి పంపేవాణ్ని. పెరగదు అని రాసినవాళ్లని నిష్ప్రయోజన చికిత్స కింద తిప్పి పంపేవాణ్ని. రెండేళ్లలో అరవై ఒక్క దరఖాస్తులు వచ్చాయి, అరవై ఒకటీ వెళ్లిపోయాయి. యంత్రం మీద కప్పిన ఆకుపచ్చ గుడ్డ మడత నలగలేదు. "యంత్రమును కంటికి రెప్పవలె కాపాడుచున్నాడు" అని సూపరింటెండెంటుగారు నా గురించి పైకి రాశారు కూడా.

అరవై రెండో దరఖాస్తు వీరవేణిది.

మా ఊళ్లో వీరవేణి అంటే తెలియనివాళ్లు లేరు. మా లోకల్ కేబుల్ చానల్లో సాయంత్రం ఆరున్నర వార్తలు ఐదేళ్లు ఆవిడే చదివింది. రొయ్యల రేటు, కరెంటు కోత, తప్పిపోయిన గేదె, ఏ వార్తయినా సూటిగా మన కళ్లలోకి చూస్తూ చెప్పేది. తప్పిపోయిన గేదెని మనమే దాచామేమో అన్న అనుమానం మనకే వచ్చేది. అలాంటి పిల్లకి ఇరవయ్యారేళ్ల వయసులో ఆటలమ్మ పోసింది. చిన్నప్పుడు పోస్తే అంతగా బాధించదు, పెద్దయ్యాక పోస్తే వదిలిపెట్టదు. వేపాకులు, పెరుగన్నం, రెండు వారాల పడక అయ్యాక చూసుకుంటే ఎడమ బుగ్గ మీద, కణత దగ్గర కలిపి పదకొండు గుంటలు.

చానల్ యజమాని గణపతిరాజు చెడ్డవాడు కాడు. ఆవిణ్ని తీసేయలేదు. కెమెరాని మాత్రం తెచ్చి కుడిపక్కన పెట్టాడు. అప్పట్నుంచీ వీరవేణి గోడ వైపు చూస్తూ వార్తలు చదువుతుంటే, ఊరంతా ఆవిడ కుడి చెవిని చూస్తూ వినేది. "ఆ పిల్ల ఎవరితో మాట్లాడుతోందండీ" అని మా ఆవిడ రోజూ అడిగేది. చూసేవాళ్లు తగ్గిపోతున్నారని, దసరా నాటికి ముఖం బాగుపడకపోతే వేరే అమ్మాయిని పెట్టుకుంటానని గణపతిరాజు మెల్లగా చెప్పాడట.

ఫిబ్రవరిలో ఒకరోజు వీరవేణి మా డాక్టర్ ముంతాజ్ గారి ముందు కూర్చుంది. రెండేళ్లుగా గజ్జి, తామర తప్ప ఇంకోటి చూడని డాక్టరుగారు లైటు పక్కనుంచి పట్టుకుని గుంటలన్నీ ఓపికగా చూశారు.

"ఎలా అయిందమ్మా ఇంత లోతుగా?"

"అమ్మవారు పోసినప్పుడు గోకానండి. గోకొద్దని మా అమ్మ చేతులకి గుడ్డలు కట్టింది. పళ్లతో విప్పుకుని మరీ గోకాను. అబద్ధమెందుకు."

"ఇవన్నీ ఒక రకం కాదు," అన్నారు డాక్టరుగారు. "ఈ ఐదూ సన్నగా, లోతుగా ఉన్నాయి. వీటి అడుగున చుక్క మందు పెడితే లోపల్నుంచి పూడుకుంటూ వస్తాయి. ఈ ఆరూ వెడల్పువి. కిందనుంచి నారలు చర్మాన్ని లాగి పట్టుకున్నాయి. సూదితో ఆ నారలు తెంపితే చర్మం పైకి లేస్తుంది. ఆఖర్న అంచులు కలిసిపోవడానికి లేజరు. నెలకొకసారి చొప్పున ఐదుసార్లు రావాలి. మొత్తం పోతాయని నేను చెప్పను. నూటికి డెబ్బై పాళ్లు పూడతాయి."

"డెబ్బై చాలండి. నాకు అందం అక్కర్లేదండి, ఎదురుగా చూసి మాట్లాడితే చాలు."

ఆ మాట విని డాక్టరుగారు ఆవిణ్ని నా దగ్గరికి పంపారు. ఎందుకు పంపారో నాకు తరవాత అర్థమైంది. వీరవేణి ఫారం తీసుకుని, ఏడో గడి దగ్గర పెన్ను కాసేపు గాల్లో ఆపి, ఇలా రాసింది: "పెరగదు, తరగదు. ఉన్నది తిరిగి వస్తుంది."

నేను మూడుసార్లు చదివాను. తిప్పి పంపడానికి ఎక్కడా సందు దొరకలేదు. ఫారం పట్టుకుని సూపరింటెండెంటుగారి గదికి పరిగెత్తాను.

మా సూపరింటెండెంట్ డాక్టర్ యజ్ఞేశ్వరరావుగారు ఫైళ్లలో రాసే భాషే నోటితోనూ మాట్లాడతారు. క్యాంటీనులో ఇడ్లీ చల్లగా ఉంటే "ఇడ్లీ విషయమై తగు చర్య గైకొనుడు" అంటారు. ఆయన ఫారం చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"పేర్రాజూ, ఇది చిక్కు వ్యవహారము. ఉన్నది తిరిగి రావలెనన్నచో, మునుపు ఉన్నది ఎంతయో నిర్ధారణ కావలెను కదా. ఒక సంఘమును నియమించుడు."

అలా పూర్వ సౌందర్య నిర్ధారణ సంఘం పుట్టింది. సూపరింటెండెంటుగారు అధ్యక్షులు, డాక్టర్ ముంతాజ్ సభ్యురాలు, నేను కార్యదర్శిని. ముఖాల లోతుపాతులు తెలిసిన సాంకేతిక నిపుణుడు ఒకరు కావాలి కాబట్టి ప్రభుత్వ ఉన్నత పాఠశాల డ్రాయింగు మాస్టారు భద్రాచారిగారిని పిలిపించాం. ఆయన స్కేలు, మెత్తటి పెన్సిలు, రబ్బరు తెచ్చుకున్నారు.

మొదటి సమావేశానికి వీరవేణి జబ్బుకి ముందు తీయించుకున్న ఫొటోలు పది తెచ్చింది. సూపరింటెండెంటుగారు పదీ పక్కన పెట్టారు.

"ఇవి ప్రైవేటు స్టూడియోల వారు తీసినవి. వీటియందు లైటింగు కలదు. ప్రభుత్వ గుర్తింపు కార్డు మీది ఫొటో మాత్రమే సాక్ష్యముగా స్వీకరించబడును."

వీరవేణి ముఖం పాలిపోయింది. గుర్తింపు కార్డు అందరికీ ఉంటుంది, కాబట్టి ఆ భయం ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆవిడ కార్డు తీసి బల్లమీద పెట్టింది. ఎండవేళ తీసిన ఆ ఫొటోలో జుట్టంతా రేగిపోయి ఉంది. ఒక కన్ను తెరుచుకుని, ఒక కన్ను సగం మూసుకుని ఉంది. నోరు "అయిపోయిందాండీ" అని అడగబోతూ ఆగిపోయినట్టుంది.

"ఇదియే ఈమె పూర్వస్థితి," అన్నారు సూపరింటెండెంటుగారు. "ఈ మేరకు పునరుద్ధరించుడు."

"సార్, ఇందులో ఒక కన్ను మూసుకుపోయి ఉంది," అన్నారు డాక్టర్ ముంతాజ్. "నేను డాక్టర్ని. దానికి నేనేం చెయ్యను?"

"కన్ను మీ పరిధి కాదు డాక్టరుగారూ. కానీ దానిని మించిపోకుండుట మీ బాధ్యత."

భద్రాచారిగారు కార్డు మీద ముఖానికి నూటికి ముప్పై ఎనిమిది వేశారు. ఎదురుగా కూర్చున్న ముఖానికి ముప్పై ఒకటి వేశారు. వీరవేణి ఆయన వంక చూసింది.

"బాధపడకమ్మా," అన్నారాయన. "నేను ముప్పై రెండేళ్లుగా మార్కులు వేస్తున్నాను. నలభై ఇంతవరకూ ఎవరికీ వెయ్యలేదు. ముప్పై ఎనిమిదంటే మా బళ్లో ఫస్టు మార్కు."

నేను మినిట్సు రాసుకున్నాను. దరఖాస్తుదారుకు అర్హత గల అందం ఏడు మార్కులు. ప్రతి సిట్టింగు తరవాతా సంఘం కూర్చుని మార్కులు వేస్తుంది. ఏడూ నిండగానే చికిత్స ఆగిపోతుంది.

ఏప్రిల్లో మొదటి సిట్టింగు జరిగింది. రెండేళ్ల తరవాత గది తలుపు తీశారు. సన్న గుంటల్లో మందు పెట్టారు, వెడల్పు గుంటల్లో ఒకదానికి నారలు తెంపారు. నెల తిరిగేసరికి ముప్పై మూడు మార్కులొచ్చాయి. రెండో సిట్టింగులో ఇంకో రెండు వెడల్పువి, మళ్లీ ఒక విడత మందు. జూన్‌లో సంఘం కూర్చుంది. భద్రాచారిగారు పెన్సిలు పట్టుకుని చాలాసేపు చూసి, ముప్పై ఏడున్నర వేశారు.

డాక్టరుగారు లేచి నిలబడ్డారు. "అదెలా? ఇంకా మూడు పెద్ద గుంటలు అలాగే ఉన్నాయి. కెమెరాకి ముందు కనబడేవే అవి."

"గుంటలు పూడినందుకు రెండే వేశానండి," అన్నారు మాస్టారు. "మిగతా రెండున్నరా కళ్లకి."

"కళ్లకి నేను చికిత్స చెయ్యలేదు కదా."

"చెయ్యకపోయినా పెరిగాయండి. పోయిన రెండుసార్లూ అమ్మాయి కళ్లు నేలమీదే ఉన్నాయి. ఈసారి పైకి లేచాయి. లేచిన కళ్లకి వెయ్యకుండా ఎలా ఉంటాను?"

సూపరింటెండెంటుగారు గొంతు సవరించుకున్నారు. "చికిత్స వలన గాని, చికిత్సపై ఆశ వలన గాని పెరిగిన సౌందర్యము చికిత్స కిందికే వచ్చును. శేషించిన గుంటలు మూడు. శేషించిన మార్కు అర. అర మార్కుకు తగినట్లుగా ఒక అరగుంట పూడ్చుటకు అనుమతించడమైనది."

సమావేశం ముగిసింది. వీరవేణి వచ్చి నా బల్ల పక్క బెంచీ మీద కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు తేలికగా ఉండేది, ఏడ్చేవాళ్లని పంపించడం నాకు అలవాటే.

"పేర్రాజుగారూ, అరగుంట అంటే ఏ సగమండి? పై సగమా, కింద సగమా?"

నాకు సిగ్గేసింది. ఇరవై నాలుగేళ్ల సర్వీసులో ఆఫీసు వేళల్లో సిగ్గుపడటం అదే మొదటిసారి. ఏడో గడి రాసిన చేత్తోనే నిబంధనల పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి చదివాను. మధ్యాహ్నం దాటాక దొరికింది. దరఖాస్తుదారు కోరిన పక్షంలో పునర్మూల్యాంకనం చేయవచ్చు. ఆనాటి మార్కులే చెల్లుతాయి.

"అయితే నా మార్కులు తగ్గాలంటారు," అంది వీరవేణి.

"తగ్గాలమ్మా."

"కళ్లు దించుకుంటాను. రెండున్నర తగ్గుతాయి. దాంతో ఒక గుంట పూడుతుందేమో. మిగతా రెండు?"

సంఘం మర్నాడే కూర్చునేలా పునర్మూల్యాంకనానికి ఆవిడ చేత కాగితం రాయించుకున్నాను. మా ఆస్పత్రి గురించి నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. "రేపు పొద్దున్న ఆరింటికి వచ్చి ఓపీ లైన్లో నిలబడమ్మా," అన్నాను.

"నాకు చీటీ ఉందిగా అండీ."

"చీటీ కోసం కాదు."

మర్నాడు ఆరింటికే వచ్చి నిలబడింది. తొమ్మిదింటికి కిటికీ తెరిచారు. తొమ్మిదింబావుకి చీటీలు రాసే ఆయన టీకి వెళ్లాడు. పదింటికి కంప్యూటరు పనిచెయ్యలేదు. పదిన్నరకి అందర్నీ రెండో కిటికీకి వెళ్లమన్నారు. పదకొండున్నరకి రెండో కిటికీ మగవాళ్లదని చెప్పి మళ్లీ మొదటి కిటికీకి పంపారు. ఫ్యాను ఒకటే ఉంది, అది లోపలున్నాయన మీద తిరుగుతుంది. వెనకావిడ సంచిలోంచి చారు కారి వీరవేణి భుజం తడిసింది. పన్నెండున్నరకి నేను వెళ్లి ఆవిణ్ని లైన్లోంచి తీసి, ఎక్కడా కూర్చోనివ్వకుండా, నీళ్లయినా తాగనివ్వకుండా సంఘం ముందుకి తీసుకుపోయాను.

భద్రాచారిగారు చూశారు. కుర్చీ దగ్గరికి లాక్కుని మళ్లీ చూశారు. గుర్తింపు కార్డు తెప్పించి పక్కన పెట్టుకున్నారు.

"ఇరవై తొమ్మిదండి," అన్నారు నెమ్మదిగా.

"చికిత్సకు పూర్వము కన్నను రెండు తక్కువ," సూపరింటెండెంటుగారు అదిరిపడ్డారు. "డాక్టరుగారూ, చికిత్స వికటించినదా?"

డాక్టర్ ముంతాజ్ నా వంక చూశారు. నేను సీలింగు వంక చూశాను.

"వికటించింది సార్. వెంటనే మిగతావి కూడా చేస్తే గాని లాభం లేదు."

అర్హత తొమ్మిది మార్కులకి పెరిగింది. అప్పట్నుంచీ ప్రతి సిట్టింగు తరవాతా సంఘం కూర్చునే రోజున వీరవేణి తెల్లారకుండానే వచ్చి లైన్లో నిలబడేది. సూది, మందు, లేజరు, అన్నీ సక్రమంగా జరిగాయి. గుంటలు పూడుతుంటే మార్కులు మాత్రం ఎప్పుడు చూసినా ముప్పై దగ్గరే ఉండేవి. మా ఆస్పత్రి సేవల వల్ల ఇంత మేలు పొందిన రోగి ఇంకొకరు లేరని నేను ఢంకా బజాయించి చెప్పగలను.

సెప్టెంబరు ఆఖర్న పూర్వస్థితి ధ్రువపత్రం ఇవ్వవలసి వచ్చింది. దానికి సరిగ్గా ముప్పై ఎనిమిది రావాలి. గంటకి ఎన్ని మార్కులు పోతాయో అప్పటికి నాకు కంఠతా వచ్చింది కాబట్టి ఆ రోజు తక్కువసేపే నిలబెట్టి తీసుకెళ్లాను. లైన్లో పక్కావిడతో తగువు పడి వచ్చిందేమో, జుట్టు రేగిపోయి ఒక కన్ను సగం మూసుకుని ఉంది. కార్డు మీద ఫొటో లేచి వచ్చి కూర్చున్నట్టుంది. సూపరింటెండెంటుగారి కళ్లు చెమ్మగిల్లాయి.

"అక్షరాలా పూర్వస్థితి," అన్నారు. "ఇక ఈమె ఒక హామీపత్రము మీద సంతకము చేయవలెను. ధ్రువపత్రములోని ముఖమునకు మించి బహిరంగముగా కనబడరాదు. కనబడినచో పునరుద్ధరణ రద్దుపరచి, గుంటలు యథాస్థానముల యందు తిరిగి ఏర్పాటు చేయబడును."

"అవి తిరిగి పెట్టడం నావల్ల కాదు సార్," అన్నారు డాక్టర్ ముంతాజ్. "అమ్మవారికి రాయండి. అది ఆవిడ శాఖ."

"తగు అధికారికి లేఖ వ్రాయుము" అని ఆయన ఫైలు మీద రాసి, చిరునామా కనుక్కోమని నాకు ఇచ్చారు. వీరవేణి హామీపత్రం మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివి, సంతకం పెట్టి, ఒక నకలు అడిగి తీసుకుంది. "ఎల్లుండి సాయంత్రం వార్తలు చూడండి సార్, ఆస్పత్రి గురించి చెబుతాను," అని చేతులు జోడించి వెళ్లింది.

దసరాకి ఇంకా వారం ఉంది. ఆవిడ చెప్పిన సాయంత్రం సూపరింటెండెంటుగారి గదిలో టీవీ ముందు సంఘమంతా కూర్చుంది. కృతజ్ఞతలు చెబుతారు కాబట్టి ఆయన కొత్త చొక్కా వేసుకున్నారు, మిక్చరు తెప్పించారు. ఆరున్నరయింది.

కెమెరా మళ్లీ ఎదురుగా ఉంది. వీరవేణి నుదుట బొట్టు, జడలో కనకాంబరాలు. పౌడరు రాసుకోలేదు. పూడని ముప్పై పాళ్లూ లైటు వెలుగులో కనబడుతూనే ఉన్నాయి. ఆవిడ దాచలేదు, ముఖం తిప్పలేదు. "నమస్కారం, వార్తలు చదువుతున్నది వీరవేణి," అంది. ఎనిమిది నెలలకి పైగా ఆవిడ కుడి చెవిని చూసినవాణ్ని, నాకు తెలియకుండానే కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.

"హామీ ఉల్లంఘన," సూపరింటెండెంటుగారు లేచారు. "మించి కనబడుచున్నది. మాస్టారూ, ఎన్ని?"

భద్రాచారిగారు పెన్సిలు తియ్యలేదు. "డెబ్బై రెండండి."

"డెబ్బై రెండా? గుంటలింకా కనబడుచున్నవి కదా?"

"కనబడనివ్వండి," అన్నారు మాస్టారు.

"పేర్రాజూ, నోటీసు వ్రాయుము."

నేను కాగితం తీశాను. ఇంతలో వీరవేణి చదవడం మొదలుపెట్టింది. నవ్వలేదు, గొంతు పెంచలేదు, రొయ్యల రేటు చదివినట్టే చదివింది.

"జిల్లా ఆస్పత్రిలో ఆటలమ్మ గుంటలకి మంచి చికిత్స ఉంది. అక్కడి డాక్టరమ్మ చెయ్యి చాలా మంచిది. కావలసినవారు రేపటినుంచి వెళ్లవచ్చు. ఏడో గడిలో 'పెరగదు, తరగదు, ఉన్నది తిరిగి వస్తుంది' అని రాయాలి. గుర్తింపు కార్డు తప్పకుండా తీసుకెళ్లాలి. మార్కులు వేసే రోజున మాత్రం ఉదయం ఆరింటినుంచి ఓపీ లైన్లో నిలబడాలి. మంచినీళ్లు తాగరాదు. హామీపత్రం పూర్తిపాఠం ఇప్పుడు వినండి."

హామీపత్రం అంతా చదివింది. "యథాస్థానముల యందు" దగ్గర కొంచెం ఆగి, ఆ వాక్యం మళ్లీ చదివింది. కింద సంతకం చేసిన అధికారి పేరు, హోదా చదివింది. గదిలో మిక్చరు నమిలే చప్పుడు ఆగిపోయింది. బల్లమీద ఫోను మోగడం మొదలైంది. ఎవరూ తియ్యలేదు.

హామీపత్రం పక్కన పెట్టి వీరవేణి మళ్లీ తలెత్తింది. తరవాతి వార్త చదవడానికి తొందరపడలేదు.

"నా వంకే చూస్తోందేమిటయ్యా పేర్రాజూ," అన్నారు సూపరింటెండెంటుగారు. నా సర్వీసులో ఆయన మామూలు తెలుగు మాట్లాడగా విన్నది అదొక్కసారే.

"ఎదురుగా కూర్చుందండి," అన్నాను. "అందరికీ అలాగే ఉంటుంది."

ఆయన కుర్చీని కొంచెం ఎడమకి జరుపుకున్నారు. మళ్లీ లేచి, బీరువా దాకా జరుపుకున్నారు. అక్కడ కూడా ఆయన వంకే చూస్తోంది.